బిన్ను ఎక్కించని ఫైలు

“మాది ఫ్యామిలీ బిజినెస్సండీ” అని ఎవరైనా ఛాతీ విరుచుకుని చెబితే, బిజినెస్ ఎవరిది, ఫ్యామిలీ ఎవరిది అని విడివిడిగా అడగడం మంచిది. కార్ల షెడ్లు వరసగా ఉండే ఆ రోడ్డులో, నీలం రేకు గేటు వెనక, బిజినెస్ బావది. ఫ్యామిలీ బావమరిదిది. బావ గేటు దగ్గర నిలబడి మాట్లాడతాడు. బావమరిది వెనకగదిలో కూర్చుని పనిచేస్తాడు.

ఆ బావమరిదికి కన్నవాళ్ళు పెట్టిన పేరొకటి ఉంది కానీ బ్యాంకువాళ్ళు తప్ప దాన్నెవరూ వాడరు. అతను తయారుచేసే ఫైళ్ళకి చివర ‘బిన్’ అనే తోక ఉంటుంది. ఆ తోకే పేరయింది. బిన్ను. పెళ్ళయిన కొత్తలో భార్య కొన్నాళ్ళు అసలు పేరుతోనే పిలిచింది. ఎంతకీ పలక్కపోయేసరికి విసిగి ఆవిడా బిన్నూలోకి దిగింది.

అతని పని గురించి బయట రెండు రకాల మాటలు వినిపిస్తాయి. అదేదో మంత్రమని కొందరు, అదేదో దొంగపనని కొందరు. రెండూ కాదు. ఇంజన్ పక్కన అరచేయంత అల్యూమినియం పెట్టెలో ఒక కంప్యూటరుంటుంది. ఎప్పుడు ఎంత ఇంధనం చల్లాలి, గాలి ఎంత ఒత్తిడితో తోయాలి, వేడి ఎక్కడిదాకా ఓర్చుకోవాలి అనే లెక్కలన్నీ దాని మెమరీ చిప్పులో అంకెల పట్టికలుగా పడి ఉంటాయి. కంపెనీవాళ్ళు ఆ అంకెల్ని భయం భయంగా రాస్తారు. ఇంధనం కల్తీదైనా, యజమాని బద్ధకస్తుడైనా, ఆయిలు మార్చి ఏళ్ళయినా బండి బతికుండాలి కదా. ట్యూనింగంటే ఆ భయాన్ని కొంత తగ్గించడం. ఎంత తగ్గించాలో తెలిసినవాడు పనివాడు. తెలియనివాడికి కూడా అదే టూల్‌కిట్టు బజారులో దొరుకుతుంది.

చిప్పులో ఉన్న ఫైలుని ముందు బయటికి చదువుతారు. దిద్దుతారు. మళ్ళీ ఎక్కిస్తారు. చదవడం, ఎక్కించడం వైరు తగిలించడం వచ్చిన ఎవరైనా చేస్తారు. మధ్యలో దిద్దడమే బిన్ను పని. ఫైలు తెరిస్తే పైనుంచి కింది దాకా అంకెలే. ఏ పట్టిక దేనిదో ఎక్కడా పేరు రాసి ఉండదు. బిన్ను వాటిని స్క్రీను మీద గీతలుగా మార్చి చూస్తాడు. అప్పుడవి గుట్టలూ పల్లాలుగా లేస్తాయి. ఈ గుట్ట ఇంధనం. ఆ పక్కన చదునుగా ఉన్నది పొగ రాకుండా పెట్టిన హద్దు. ఆ చివర గోడలా లేచింది వేడి కాపలా. గుట్టని కాస్త లేపుతాడు, హద్దుని కాస్త జరుపుతాడు. గోడ జోలికి మాత్రం పోడు. చివరికి మొత్తం ఫైలుకి సరిచూపు లెక్క ఒకటుంటుంది. అది సరిగ్గా కుదరకపోతే బండి అసలు స్టార్టే అవదు. అదీ కుదిర్చి, ముట్టుకోని అసలు ఫైలుని వేరే దాచి, అప్పుడు బావని కేకేస్తాడు.

ఇంత చేసే మనిషికి కారు నడపడం రాదు. బావ దీన్ని కస్టమర్లకి జోకుగా చెప్పేవాడు. “మావాడు ఎన్ని కార్లకి పికప్ పెంచాడో, తను మాత్రం బస్సు కోసం పరిగెడతాడు” అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. బిన్ను కూడా నవ్వేవాడు. మొదటిసారి నిజంగా, ఆ తర్వాత అలవాటుగా.

ఒకప్పుడు అతను రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. ఆ సామాన్లు జనం ఇళ్ళలోంచి మాయమయ్యాక పనీ మాయమైంది. అప్పుడు అక్క తీసుకొచ్చి తన మొగుడి షెడ్డులో పడేసింది. ఆ షెడ్డులో అప్పటికి బ్రేకులూ క్లచ్చులే. ఇంజన్ కంప్యూటర్ల చిప్పుల్ని విప్పి చూడొచ్చని కనిపెట్టింది బిన్ను. అప్పటి చిప్పులకి నడినెత్తిన చిన్న గాజు కిటికీ ఉండేది. దానిమీద ప్రత్యేకమైన దీపం కాంతి పడితే లోపలున్నదంతా చెరిగిపోయేది. ఆ దీపాన్ని బిస్కెట్ల డబ్బాలో బిగించి, మూత సందులోంచి వెలుతురు రాకుండా పాత చొక్కా చుట్టి పనిచేసేవాడు. బావ ఆ డబ్బా చూసి “ఏంట్రా, బిస్కెట్లు కాలుస్తున్నావా?” అన్నాడు. తర్వాత అదే డబ్బా మీద షెడ్డు బతికింది. గేటు మీద బోర్డు మారింది. ‘అన్ని రకాల కార్ల ట్యూనింగ్ స్పెషలిస్ట్’ అని పెద్దక్షరాలు, పక్కన చేతులు కట్టుకున్న బావ ఫోటో. స్పెషలిస్ట్ ఏకవచనం. ఫోటో కూడా.

బావ దుర్మార్గుడేం కాదు. ఆ మాట వాడితే లెక్క చాలా సులువైపోతుంది. ఆయన మాటకారి. ఆయన మాటకి పంక్చరైన టైరు కూడా లేచి కూర్చుంటుంది. కోపంతో వచ్చినవాడు టీ తాగి, భుజాల మీద చేతులేయించుకుని, ఇంకో బండి పంపిస్తానని చెప్పి వెళ్ళేవాడు. ఇది చిన్న విద్యేం కాదు. కాకపోతే మాటతో సరిపోని చోట ఒకటుందని ఆయనకెప్పుడూ తెలియలేదు. తెలియాల్సిన అవసరం రాకుండా వెనకగదిలో ఒకడు కూర్చున్నాడు.

ఇద్దరికీ రోజూ గొడవ పడేది నాజిళ్ళ దగ్గర. నాజిల్ అంటే ఇంజన్లోకి ఇంధనం చల్లే సన్నపు ముక్కు. ఒకే మోడలు, ఒకే రంగు, ఒకే ఏడాది తయారైన బండ్లలో కూడా ఫ్యాక్టరీవాళ్ళు మధ్యలో నాజిల్ మార్చేస్తుంటారు. కవలపిల్లల్లాగన్నమాట. మొహాలొకటే, కళ్ళజోడు నంబర్లు వేరు. ఒకడి జోడు ఇంకొకడికి పెడితే వాడు గోడకి గుద్దుకుంటాడు. అందుకని బిన్ను ఏ బండికైనా కంప్యూటరు మీది స్టిక్కరు చివరక్షరం దాకా చదవమనేవాడు. నాజిల్ మీద చెక్కిన నంబరు చూసి చెప్పమనేవాడు. చూడాలంటే ఇంజన్ మీద కవరు విప్పి, టార్చి వేసి, మెడ వంచి, నూనె తుడిచి చదవాలి.

“సంబంధం చూస్తున్నావా, ఫైలు చేస్తున్నావా?” అనేవాడు బావ, జేబురుమాలుతో చేతులు తుడుచుకుంటూ. “దాని తాతముత్తాతల పేర్లు కూడా కనుక్కోమంటావా?”

“నంబరు చెప్పు బావా. చాలు.”

“చెప్పకపోతే?”

“చెప్పకపోతే చెయ్యను.”

బావ తిట్టుకుంటూ వెళ్ళి చూసొచ్చేవాడు. వెనకగదిలో బిన్ను మాట చెల్లేది ఈ ఒక్క విషయంలోనే. ఇంకొక్క ముచ్చట కూడా తీర్చుకునేవాడు, ఎవరికీ చెప్పకుండా. ప్రతి ఫైలులోనూ ఏ పనీ లేని ఖాళీ చోటు కొంత మిగులుతుంది. ఇంజన్ దాన్ని చదవదు. అక్కడ ‘బిన్ను’ అని తన పేరు రాసుకునేవాడు. బోర్డు మీద చోటు దొరకని మనిషి అక్కడ రాసుకున్నాడు.

ఆ సంతకాన్ని చదివిన మనిషి ఒకరు తేలారు. ఊరి అవతలి కొసన, అద్దాల గోడలున్న పెద్ద వర్క్‌షాపులో ఒక ఇంజనీరు ఉంది. వేరే షెడ్లలో ట్యూనింగ్ చేయించుకుని పాడైన బండ్లు ఆవిడ దగ్గరికొస్తాయి. చిప్పులు చదవడం ఆవిడకీ బాగా తెలుసు. ఒకరోజు బిన్నుకి ఫోన్ చేసింది.

“బిన్ను అంటే మీరేనా? మనిషేనా?”

“మనిషినే మేడమ్.”

“అమ్మయ్య. మీ షెడ్డుకి ఫోన్ చేసి ఎవరీ బిన్ను అని అడిగితే ‘అది మా సాఫ్ట్‌వేర్ పేరండీ’ అన్నారు మీ యజమాని. చివరికి మీ కస్టమరొకరి దగ్గర ఈ నంబరు దొరికింది.”

“మా బావండీ” అన్నాడు బిన్ను.

ఆవిడ నవ్వి, సంగతి సూటిగా చెప్పింది. వేరే పనులకని వచ్చిన బండ్లలో అతని ఫైళ్ళు చూసింది. వేడి కాపలా తీసేయకుండా పికప్ తెచ్చినవాళ్ళు ఈ ఊళ్ళో ఇంకెవరూ కనిపించలేదు. వర్క్‌షాపులో ఫైళ్ళు చేసే ఉద్యోగం ఖాళీగా ఉంది. ఒకరోజు వచ్చి తన ఎదురుగా కూర్చుని పనిచేస్తే, చూసి తీసుకుంటుంది. చేసిన ప్రతి పనికీ చేసినవాడి పేరుంటుంది, మంచికైనా చెడుకైనా.

బిన్ను భార్యకి ఇల్లంతా పండగలా అనిపించిందని రాస్తే అబద్ధం. ఆవిడ రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది, ఏదైనా చేతికొచ్చేదాకా నమ్మే రకం కాదు. “వెళ్ళు. మీ బావకి మాత్రం చెప్పకు. చెబితే ఆయన మాట్లాడతాడు. ఆయన మాట్లాడితే నువ్వు ఆగిపోతావు” అంది.

పన్ను నొప్పి, డాక్టరు దగ్గరికి వెళ్ళాలి అని చెప్పి బిన్ను ఆ రోజు షెడ్డుకి సెలవు పెట్టాడు. దారిలోనే ఫోన్ ఆపేశాడు. పొద్దుటినుంచి సాయంత్రం దాకా అద్దాల గదిలో ఇంజనీరు ఎదురుగా కూర్చున్నాడు. ఒక ఫైలు మీద ఇద్దరూ వాదించుకున్నారు కూడా. ఒకచోట ఆవిడది తప్పు, ఇంకోచోట అతనిది. ఇలా ఎవరితోనైనా పనిమీద వాదించి ఎన్నేళ్ళయిందో అతనికి గుర్తు రాలేదు. బావతో జరిగేవి వాదనలు కావు, బతిమాలుకోవడాలు. వెళ్ళేటప్పుడు ఆవిడ “నా వైపునుంచి సరే. వచ్చే నెల ఒకటో తారీఖున చేరండి, ఈలోగా కాగితాలు నడుస్తాయి” అంది. అతను ఫోన్ తెరుస్తూ, “బావ చేస్తాడేమోనని పొద్దుట్నుంచీ ఆపేశాను మేడమ్” అని నవ్వాడు.

అదే రోజు మధ్యాహ్నం నీలం గేటు ముందు ఒక పాలవ్యాను ఆగి హారన్ కొట్టింది. గట్టు రోడ్డెక్కేటప్పుడు లోడుతో బండి ఏడుస్తోందని, పికప్ కావాలని, పాలు విరిగిపోయేలోపు తను వెళ్ళిపోవాలని ఆ వ్యానాయన గోల. రేపు రమ్మని చెప్పడం బావకి చేతకాదు. ఆయన జీవితంలో ఏ కస్టమరునీ రేపు రమ్మనలేదు. వెనకగదిలోకి వెళ్ళాడు. బిన్ను కంప్యూటరు తెరిచాడు. అదే మోడలు, అదే ఏడాది, అదే తెల్లరంగు వ్యానుకి బిన్ను చేసిన ఫైలు కనిపించింది. ఆ వ్యానూ ఈ షెడ్డుకి వచ్చిందే, ఆ యజమాని ఎంతో సంతోషపడ్డాడు కూడా. ఇంకేం కావాలి? వైరు తగిలించి ఎక్కించేశాడు. వ్యాను గాలిలా వెళ్ళిపోయింది. బావకి ఆ సాయంత్రం చాలా ఆనందంగా గడిచి ఉంటుంది. బావమరిది లేకపోయినా షెడ్డు నడుస్తుందని తేలింది కదా.

ఆ ఫైలు చిన్న నాజిళ్ళ వ్యానుది. ఈ పాలవ్యానుకి ఉన్నవి పెద్దవి. ఫైలులో రాసిన ప్రతి చల్లుడూ ఇందులో ఎక్కువ ఇంధనం పోసింది. వేడి కాపలా ఉంది కదా అంటే, అదీ చిన్న నాజిళ్ళ లెక్కతోనే వేడిని అంచనా కడుతోంది. కాపలావాడికి తప్పుడు గడియారం ఇచ్చి కూర్చోబెట్టినట్టు. కొన్నాళ్ళు వ్యాను బ్రహ్మాండంగా పరిగెత్తింది. గట్టు రోడ్డు మీద, నిండు లోడుతో, ఒక పిస్టన్ నడినెత్తిన కరిగి బొక్కపడింది. వ్యానాయన దాన్ని లాగించుకుని అద్దాల వర్క్‌షాపుకి పోయాడు. అక్కణ్ణుంచి బావకి ఫోన్ చేసి నోటికొచ్చింది తిట్టాడు. బావ వెంటనే, ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా, “ఫైలు మా బామ్మర్ది చేశాడన్నా, నేను కనుక్కుంటా” అన్నాడు.

వెనకగదిలో ఈ మాట విన్న బిన్ను కంప్యూటరులో వెతికి చూశాడు. ఆ వ్యాను ఫైలే లేదు. తను సెలవు పెట్టిన రోజు బయటికి వెళ్ళిన ఫైలేదో చూశాడు. అర్థమైంది.

“బావా, నాజిల్ నంబరు చూశావా?”

“బండి అదేరా. రంగదే, మోడలదే.”

“నాజిల్?”

“నువ్వు పన్ను పీకించుకోడానికి పోయావు. వాడు గేటు దగ్గర చెవులు చిల్లులు పడేలా హారన్ కొడుతున్నాడు. నేనేం చెయ్యను, పాలు పితకనా?”

“చూశావా లేదా?”

“లేదురా! చాలా? చూడలేదు. ఒక్కసారి చూడకపోతే ఇంత పెంటవుతుందని నువ్వెప్పుడైనా చెప్పావా?”

రోజూ చెప్పానని బిన్ను అనలేదు. అనకపోవడం అతని చిరకాలపు అలవాటు. దాన్ని మంచితనమని బంధువులంతా మెచ్చుకునేవారు, ఎందుకంటే దానివల్ల అందరికీ హాయిగా ఉండేది.

మర్నాడు ఇంజనీరు ఫోన్ చేసింది. గొంతులో నవ్వు లేదు. వ్యాను చిప్పు చదివానని, అందులో సంతకముందని, సోమవారం వచ్చి వ్యానాయన ముందు ఏం జరిగిందో చెప్పాలని అంది. “మీరు చెప్పేదాన్ని బట్టే మిగతాది” అని కూడా అంది. మిగతాదంటే ఏమిటో ఇద్దరికీ తెలుసు.

ఆదివారం పొద్దున అక్క వచ్చింది. అక్క ఏదైనా అడగడానికి వస్తే ముందు పని వెతుక్కుంటుంది. ఆరేసిన బట్టలు తెచ్చి మంచం మీద పోసుకుని మడతపెట్టడం మొదలుపెట్టింది. చొక్కాలయ్యాయి, తువ్వాళ్ళయ్యాయి.

“రేపు అక్కడికి వెళ్తున్నావట కదరా” అంది చివరికి.

“వెళ్ళాలక్కా.”

“వెళ్ళి ఏం చెబుతావు?”

“ఏముంది, జరిగిందే.”

“జరిగింది చెబితే ఏమవుతుందో తెలుసా? ఆ పాలాయన వ్యాన్లవాళ్ళందరికీ పెద్ద. నువ్వేదో లెక్క తప్పావంటే ‘పోనీలే, మనిషన్నాక’ అనుకుంటారు. ఈయన తెలిసీ తెలియకుండా ఎవరిదో ఫైలు ఎక్కించి పంపించాడంటే మోసమంటారు. ఇంక మన గేటు ముందు ఒక్క వ్యాను ఆగుతుందా?”

బిన్ను గోడవైపు చూస్తూ, “అక్కా, నాకక్కడ ఉద్యోగం ఇస్తామన్నారు” అన్నాడు.

అక్క చేతిలో దిండుగలీబు ఆగింది. అంతే, ఒక్క క్షణం. మళ్ళీ నాలుగు మూలలూ కలిపి మడిచింది.

“మంచిదే. ఇది కాకపోతే ఇంకోటి వస్తుంది. నీకు చేతిలో విద్యుంది, ఎక్కడైనా బతుకుతావు. ఆయనకేముందిరా, నోరు తప్ప?”

వంటగదిలోంచి బిన్ను భార్య వచ్చి గుమ్మంలో నిలబడింది. “వదినా, మా ల్యాబులో ఒకరి రిపోర్టు మీద ఇంకొకరి పేరేస్తే ఏమవుతుందో తెలుసా? రోగమున్నవాడు ఇంటికి పోతాడు, లేనివాడు మందు మింగుతాడు.”

“నువ్వుండమ్మా. ఇది అక్కాతమ్ముళ్ళ మధ్య మాట.”

“మింగేది మేము కదా, అందుకని అన్నాను.”

అక్క ఏడవలేదు. ఏడిస్తే బిన్నుకి కాస్త కోపమైనా వచ్చేదేమో. మడిచిన బట్టలు వరసగా పేర్చి, పైన చేయి వేసి సర్ది, “నేనెప్పుడైనా నిన్నేదైనా అడిగానా?” అంది. ఆ ప్రశ్నకి నిజమైన జవాబు ‘ప్రతిసారీ’ అని. కానీ ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పే ఆచారం ఏ కుటుంబంలోనూ లేదు.

సోమవారం అద్దాల గదిలో బల్ల మీద గుడ్డ పరిచి పిస్టన్ పెట్టారు. నెత్తిమీద బొటనవేలు పట్టేంత బొక్క, అంచులు కొవ్వొత్తి కారినట్టు. వ్యానాయన దాని పక్కనే కూర్చుని ఉన్నాడు. నిద్రలేని కళ్ళు. వేరే బండి అద్దెకు తీసుకుని పాలు వేస్తున్నానని, ఆ బండి ఆలస్యంగా వస్తోందని, సగం వాడికలు పోయాయని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

ఇంజనీరు స్క్రీను ఇటు తిప్పింది. “ఈ సంతకం మీదేనా?”

“నాదే మేడమ్.”

“ఈ ఫైలు చిన్న నాజిళ్ళది. ఈ బండివి పెద్దవి. మీరు నాజిల్ అడక్కుండా ఫైలిస్తారా?”

బిన్ను పిస్టన్ కింద గుడ్డ అంచు సరిచేశాడు.

“ఎప్పుడు ఎక్కించారో ఆ తేదీ కూడా బండి కంప్యూటరులో ఉంది. ఆ రోజు మీరెక్కడున్నారో నాకు తెలుసు. ఈ కుర్చీలోనే ఉన్నారు.” ఆవిడ ఆగింది. ఎదురుచూసింది. ఒక మనిషికి ఇంతకన్నా వెడల్పుగా తలుపు తెరిచి పట్టుకోవడం ఎవరివల్లా కాదు. “ఇది ఎవరు ఎక్కించారో ఒక్క మాట చెప్పండి. మీరు చెబితేనే నేను రిపోర్టులో రాయగలను.”

“మా బావే ఎక్కించాడు మేడమ్. నేను ఫోన్లో చెప్పాను, ఆ ఫైలు వెయ్యమని.”

“ఆ రోజు మీ ఫోన్ ఆపేసి ఉంది. మీరే చెప్పారు, నవ్వుతూ.”

“అంటే... పొద్దున్నే చెప్పి వచ్చాను.”

“ఈ వ్యాను మధ్యాహ్నం కదా వచ్చింది? వస్తుందని పొద్దున్నే ఎలా తెలుసు?”

బిన్ను పిస్టన్ వైపు చూశాడు. “పొరపాటు నాదే మేడమ్” అన్నాడు. మూడు మాటలు. చేయని పనికి సంతకం అంత తొందరగా పడిపోయింది.

వ్యానాయన లేచాడు. “అన్నా, నిన్ను చూస్తే నెమ్మదస్తుడివనుకున్నా. నెమ్మదిగా ముంచావు కదయ్యా” అన్నాడు. ఇంజనీరు వైపు తిరిగి, “మేడమ్, కంపెనీ ఫైలే వేసివ్వండి. ఈ బిన్నులూ గిన్నులూ నాకొద్దు” అని బయటికి పోయాడు.

ఆవిడ స్క్రీను ఆపేసింది. కోప్పడలేదు.

“నాజిల్ అడక్కుండా ఫైలిచ్చే మనిషైతే మీరు ఈ పనికి పనికిరారు” అంది. “చేయని తప్పుని ఒప్పుకునే మనిషైతే అసలే పనికిరారు. రేపు ఇక్కడ ఎవరో తప్పు చేసి మిమ్మల్ని బతిమాలితే, దానికీ మీ పేరే పెడతారు. అప్పుడు నేను దేన్ని నమ్మాలి?”

“అవును మేడమ్” అన్నాడు బిన్ను. ఆ మాటతో అతను పూర్తిగా ఏకీభవించాడు. అదే అన్నిటికన్నా చేదు.

ఇంటికొచ్చి భార్యకి చెప్పాడు. ఆవిడ చాలాసేపు కుళాయి కింద గిన్నె పట్టుకుని నిలబడి, అది నిండి పొర్లుతున్నా చూసుకోలేదు. తర్వాత కుళాయి కట్టేసి అంది: “దీనికి త్యాగమని పేరు పెట్టుకోకు బిన్నూ. భయపడ్డావు. భయపడ్డానని చెప్పు, వదిలేస్తాను.”

అతను చెప్పలేదు. ఆవిడ వదిలెయ్యలేదు కూడా. ఆ ఇంట్లో మాటలు అవసరమైనన్ని మాత్రమే మిగిలాయి.

ఇక్కడ కథని ఆపి, తోబుట్టువు కోసం బతుకు ఒడ్డిన తమ్ముడని చప్పట్లు కొట్టేవాళ్ళున్నారు. అక్కా బావా కూడా మొదటి వారం అలాగే మాట్లాడారు. బావ అతని భుజం నొక్కి “నీ రుణం ఉంచుకోనురా” అన్నాడు, కళ్ళు కాస్త తడిసి కూడా. కొత్త ఇంజన్ ఖర్చు సంగతి బావా వ్యానాయనా కూర్చుని మాట్లాడుకుని ఏదో ఒక ఒప్పందానికి వచ్చారు. టీ తాగారు. వ్యాన్లు మళ్ళీ రావడం మొదలైంది. చప్పట్లు కొట్టేవాళ్ళకి తెలియంది ఆ తర్వాతది. అబద్ధాన్ని ఒకడు మోస్తుంటే మిగతావాళ్ళకి అది బరువుగా ఉండదు. బరువు లేనిదాన్ని మరిచిపోవడం సులువు.

బావ ఆ కథని వచ్చినవాళ్ళందరికీ చెప్పాల్సి వచ్చింది, వ్యాన్లవాళ్ళు అడుగుతారు కాబట్టి. మొదట్లో కాస్త తడబడుతూ “మావాడు ఆ రోజు ఒంట్లో బాలేక తొందరపడ్డాడు” అనేవాడు. పోను పోను తడబాటు పోయింది. “నేను చెబుతూనే ఉన్నానన్నా, నాజిల్ చూడరా అని” అనే వాక్యం ఎక్కడినుంచో వచ్చి చేరింది. ఒకసారి చేరాక మరి పోలేదు. చెప్పేటప్పుడు ఆయన మొహంలో దొంగతనం ఉండేది కాదు. ఇంజన్ మీద వంగి, టార్చి వేసి, నూనె తుడిచి నంబరు చూసే మనిషి తనేనని ఆయనకి ఇప్పుడు నిజంగా గుర్తుంది. నిజమే, చూసేవాడు కూడా, తిట్టుకుంటూ. తిట్లు మాత్రం మరిచిపోయాడు.

కొన్నాళ్ళకి వెనకగది గోడ మీద, బిన్ను కుర్చీకి ఎదురుగా, ప్రింటు తీసిన కాగితం ఒకటి అంటించాడు: ‘నాజిల్ నంబరు చూడకుండా ఫైలు చేయరాదు.’ కింద షెడ్డు ముద్ర. బిన్ను దాన్ని చదివాడు. అందులో తప్పేమీ లేదు. అక్షరం అక్షరం అతని మాటే.

“ఇంకోటిరా” అన్నాడు బావ, టేపు ముక్క పళ్ళతో కొరుకుతూ. “ఫైలులో నీ పేరు రాస్తావట కదా. ఆ మేడమ్ చెప్పింది. అది మానెయ్. ఏదైనా అయితే అందరికీ తెలిసిపోతోంది. రాయాలంటే షెడ్డు పేరు రాయి.”

బిన్ను మానేశాడు. షెడ్డు పేరు కూడా రాయలేదు. ఖాళీ చోటుని ఖాళీగా వదిలేశాడు. అద్దాల వర్క్‌షాపులో ఎవరో కొత్తవాళ్ళు చేరారని విన్నాడు. కనుక్కోలేదు.

ఒకరోజు మధ్యాహ్నం అక్క షెడ్డుకి వచ్చింది. బావకి క్యారియరిచ్చి, వెనకగదిలోకి వచ్చి, తమ్ముడి ముందు టీ గ్లాసు పెట్టింది. స్క్రీను మీద గుట్టల్ని కాసేపు చూసింది. ఆవిడకి అవెప్పుడూ బావుంటాయి. తర్వాత గోడ మీద కాగితం చదివి, మెల్లగా, పెద్దదానిగా, ప్రేమగానే అంది.

“ఇకమీదైనా నంబరు చూసుకుని చెయ్యరా. ఆ వ్యాను గొడవలో నీ మూలంగా ఆయన ఎంతమంది చేత ఎన్ని మాటలు పడ్డారో నీకు తెలీదు. నీకోసమని ఒక్క మాట కూడా బయటికి అనలేదు.”

బిన్ను తలెత్తి ఆవిడ మొహంలోకి చూశాడు. గదిలో ఇంకెవరూ లేరు. వినిపించాల్సిన వాళ్ళు లేరు కాబట్టి నటించాల్సిన పనీ లేదు. కనుబొమల దగ్గర, పెదవి చివర, ఎక్కడైనా చిన్న తొట్రుపాటు ఉందేమోనని వెతికాడు. ఆదివారం దిండుగలీబు పట్టుకుని ఆగిన ఆ ఒక్క క్షణం ఎక్కడైనా మిగిలి ఉందేమోనని చూశాడు. లేదు. ఆవిడ నమ్ముతోంది. జరిగిందేమిటో చెప్పడానికి ఈ షెడ్డులో అతనికి మిగిలిన సాక్షి ఆవిడే, ఆవిడ అవతలి పక్షానికి వెళ్ళిపోయింది, వెళ్ళినట్టు తనకే తెలియకుండా.

“అక్కా, ఆ రోజు నువ్వు ఇంటికొచ్చి...” అని మొదలుపెట్టాడు.

“ఎప్పుడు?”

గేటు దగ్గర బావ ఎవరితోనో గట్టిగా నవ్వుతున్నాడు. ఏదో వ్యాను లోపలికి వస్తోంది.

“ఏం లేదులే. చూసుకుంటానక్కా” అన్నాడు బిన్ను.

“ఊఁ. టీ చల్లారిపోతోంది, తాగు” అని అక్క వెళ్ళిపోయింది.